దిగని మెయిన్

యానాంలో ఫైరింజను గంట మోగిందంటే జనం గుమ్మాల్లోకి వచ్చి, అది ఎటు వెళ్తోందో చూసి, మళ్ళీ లోపలికి పోతారు. లూయిస్ అలా కాదు. చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, షట్టరు లాగేసి, సైకిలెక్కి దాని వెనకాలే వెళ్ళిపోయేవాడు. అడవిపొలంలో గడ్డివాము అంటుకున్నా సరే, బజారు వెనక చెత్తకుప్ప తగలబడినా సరే, కళ్ళారా చూసి రావలసిందే. తిరిగొచ్చాక నా కొట్టు ముందు సైకిలు స్టాండు వేసి, "గడ్డివామేనండి" అని చెప్పి, అప్పుడు మంచినీళ్ళు తాగేవాడు. ఆరేళ్ళపాటు ఇదే తంతు.

నా పేరు లక్ష్మణరావు. తాళ్ళరేవు పక్క పల్లె నుంచి వచ్చి యానాంలో జెరాక్సు కొట్టు పెట్టుకున్నాను. లూయిస్‌ది పక్కనే, మోటార్లు చుట్టే కొట్టు. మధ్యలో ఒక్క గోడ. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. అతనికి ఈ రెండూ తలకిందులు. అందుకే పద్దెనిమిదేళ్ళుగా మాకు పడుతోందనుకుంటాను.

లూయిస్ నాన్న పడవలకి తారు పూసేవాడు. అమ్మ జోసెఫిన్ కాన్వెంట్లో వంట చేసి కొడుకుని కాకినాడలో ఐటీఐ చదివించింది. అతను చదువు ముగించుకుని వచ్చిన ఏడే తొంభయ్యారు తుఫాను. స్తంభాలన్నీ నేలకి ఒరిగిపోయాయి, ఇళ్ళల్లో మోకాలి లోతు నీళ్ళు. నీళ్ళు తీశాక ఊరంతటికీ కొత్త వైరింగు కావలసి వచ్చింది. అప్పటికి ఎక్కడ చూసినా పింగాణీ ఫ్యూజులే. అవి పోయినప్పుడల్లా ఎవడికి దొరికిన తీగ వాడు కట్టేసుకునేవాడు. లూయిస్ వాటిని తీయించి, కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే టక్కున కిందికి పడిపోయే మీటలు బిగించడం మొదలుపెట్టాడు. ఎంసీబీలు అంటారు వాటిని. మా వాళ్ళు అన్నిటినీ కలిపి మెయిన్ అంటారు. "ఇది పడిందంటే మీకు బతుకు మిగిలిందని లెక్క. తిట్టుకోకండి" అని ప్రతి ఇంట్లోనూ చెప్పేవాడట. నూటనలభై ఇళ్ళకి పైగా అతను పెట్టిన బోర్డులే. పదహారేళ్ళ కిందట మా ఇంట్లోదీ అతనే పెట్టాడు.

అంత మంచి పనివాడు ఆరేళ్ళ కిందట మెయిన్ బోర్డు ముట్టుకోవడం మానేశాడు.

కారణం ఊరి శివారు దరియాలతిప్పలో చిట్టెమ్మ ఇల్లు. చిట్టెమ్మ బజారులో చేపలమ్ముతుంది. ఆ ఏడు దసరా వెళ్ళిన పదో రోజు మధ్యాహ్నం ఆమె వంటసాలలో గ్రైండరు వైరు ఎలక కొరికేసి షార్టయింది. ఆ క్షణంలో మెయిన్ పడిపోవాలి. పడలేదు. వైరు ఎర్రగా కాలుతూ గోడ వెంట పాకి, తాటాకు చూరుకి అంటుకుంది. చిట్టెమ్మ గ్యాసు బండని బయటికి ఈడ్చుకొచ్చి ఊరిని కాపాడింది గాని, ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఇల్లు పోయింది. చూడ్డానికి వచ్చిన కరెంటువాళ్ళు కరిగి ముద్దయిన పెట్టె చూసి, "పడాల్సిన మీట పడలేదు" అని ఒక్క మాట అనేసి వెళ్ళిపోయారు. బిగించింది ఎవరు? లూయిస్. ఇంకేం కావాలి, ఊరికి!

చిట్టెమ్మ కట్టుకున్న కొత్తింటికి అతను వైరింగంతా తన చేతుల మీదుగా చేసి ఇచ్చాడు, ఒక్క మెయిన్ తప్ప. అది మాత్రం వేరేవాళ్ళ చేత పెట్టించాడు. ఇంకెవరింటికి వెళ్ళినా ఫ్యాన్లు, మిక్సీలు, చెరువుల మోటార్లు, అంతే. బోర్డు మూత తెరవమంటే వణుకు. తను బిగించిన మిగతా మీటలు కూడా ఏదో ఒక రోజు పడకుండా ఉండిపోతాయని, ఎవరో ఒకరు ప్రాణాలు పోగొట్టుకుంటారని అతని భయం. భార్య స్టెల్లా చెప్పేది, నిద్రలో కూడా కుడిచేతి బొటనవేలు ఏదో కిందికి నొక్కుతున్నట్టు కదులుతుందట.

ఇక మా సంగతి. పోయిన వేసవిలో మా ఆవిడ కనకదుర్గ వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. "ఈ ఎండలకి ఒక్క గదన్నా చల్లగా ఉండాలి" అన్నాడు డాక్టరు. ఈ ఏడు ఏప్రిల్ వచ్చేసరికే గోడలు కాలుతుంటే ఇక లాభం లేదని ఏసీ తెప్పించాను. బిగించడానికి వచ్చిన మెకానిక్ ప్రసాద్ గోడకి రంధ్రం కొట్టాడు, బయట డబ్బా బిగించాడు, అన్నీ అయ్యాక మా మెయిన్ పెట్టె మూత తెరిచి చూసి గబుక్కున మూసేశాడు.

"ఇవి పాతవైపోయాయండి. ఏసీకి వేరే లైను లాగి, మీటలన్నీ మార్పించుకోండి. అప్పటిదాకా నేను ఆన్ చెయ్యను."

"పదహారేళ్ళ నుంచి ఒక్కసారి కూడా పడలేదయ్యా! అంత మంచి మీటలు ఇప్పుడెక్కడ దొరుకుతాయి?" అన్నాను గొప్పగా.

అతను నాకేసి అదోలా చూసి సామాను సర్దుకున్నాడు. నేనెంత తెలివైన మాట అన్నానో నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది.

లూయిస్ దగ్గరికి వెళ్ళాను. చెరువు మోటారుకి రాగితీగ చుడుతున్నాడు.

"వేరేవాళ్ళని చూసుకోండి లక్ష్మణరావుగారూ. నేను బోర్డులు మానేశాను కదండీ."

"ఎవరూ దొరకట్లేదయ్యా. ఏసీల సీజను. అందరూ వారం తర్వాతే అంటున్నారు."

"వారం ఆగండి."

"ఈలోగా మా ఆవిడ మళ్ళీ పడిపోతేనో?"

తీగ చుడుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఆ చిట్టెమ్మే నిన్ను ఒక్క మాట అనలేదు. నీకు నువ్వు ఎందుకయ్యా ఇంత శిక్ష వేసుకుంటావు?" అని అరిచాను.

చుట్టడం ఆపాడు. "అనలేదు కాబట్టేనండి. తిట్టుంటే బాగుండేది. బజారులో కనపడితే తల దించుకుని పోతారండి ఆవిడ. అది చూడలేకపోతున్నాను" అన్నాడు.

నా వల్ల కాదని ఇంటికొచ్చి చెప్పాను. కనకదుర్గ చీర కుచ్చిళ్ళు సర్దుకుని తనే బయల్దేరింది. కొట్టు ముందు నిలబడి, వీధంతా వినేలా అంది: "ఏవయ్యా లూయిస్, నువ్వు పెట్టిన పెట్టె కింద పదహారేళ్ళు హాయిగా నిద్రపోయాం. అది బాగోకపోతే చూసి చెప్పాల్సింది నువ్వా, ముక్కూ మొహం తెలియని వాడా? నీకంత భయమైతే టార్చి నేను పట్టుకుంటాను, రా."

వచ్చాడు. సంచి కింద పెట్టి, సిలువ గుర్తు వేసుకుని, మూత తెరిచాడు. ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు మెయిన్ దింపాలి గదా. బొటనవేలు పెట్టి నొక్కాడు. దిగలేదు. రెండు చేతులా పట్టి నొక్కాడు. ఊహూఁ. లూయిస్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇది కూడానా" అన్నాడు మెల్లిగా. అతని భయానికి రుజువు దొరికేసిందనుకున్నాను నేను. ఆరేళ్ళుగా భయపడుతున్నదే కళ్ళ ముందుకు వచ్చింది.

లైన్‌మన్‌ని పిలిపించి స్తంభం దగ్గర సప్లై తీయించాడు. టెస్టరుతో మూడుసార్లు చూసుకున్నాడు. అప్పుడు మీటలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి వరండాలో కాగితం మీద పెట్టాడు. కనకదుర్గ అన్నమాట ప్రకారం టార్చి పట్టుకుంది. లూయిస్ పెద్ద మీటని తిప్పి తిప్పి చూసి, దాని రివెట్లు స్క్రూడ్రైవరుతో లేపేసి రెండు చెక్కలుగా విప్పాడు.

లోపల స్ప్రింగు కనపడలేదు. పసుపూ ఎరుపూ కలిసిన గట్టి ముద్ద ఒకటి ఉంది, బెల్లంపాకం ఆరిపోయినట్టు. దాంట్లో చచ్చిన చీమలు. ఇనుప ముక్కలు తుప్పు పట్టి ఆ ముద్దలో బిగుసుకుపోయాయి. లూయిస్ గోటితో గీకి వాసన చూశాడు.

"ఇదేంటక్కగారూ?"

"పసుపూ కుంకుమా. ఏం, కనపడట్లేదా? దసరాకి ఆయుధపూజ చేసుకోమా?" అంది మా ఆవిడ.

"పూజ సంగతి తెలుసండి. మూత మీద బొట్లు ప్రతి ఇంట్లోనూ చూశాను. లోపల కూడా పెడతారా?"

"కరెంటుండేది లోపలే కదయ్యా! అమ్మవారి గుడికెళ్ళి తలుపుకి బొట్టు పెట్టి వచ్చేస్తామా? మూత తెరిచి, తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచి, పసుపు తడిపి ప్రతి మీటకీ రాసి, కుంకుమ పెడతాను. ఏటా. ఒక్క ఏడు తప్పలేదు."

"మరి ఈ చీమలేంటండి?"

అప్పుడు నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే ఆ పెట్టె ముందు కొబ్బరికాయ కొట్టేది నేను. కొట్టి, ఆ నీళ్ళు చేత్తో తీసి, మూడుసార్లు లోపలికి చిలకరించేదీ నేనే. కరెంటు కదా, భయం లేదా అంటే, చెప్పులేసుకుని చిలకరిస్తాను! అంతటి జాగ్రత్తపరుణ్ణి. పదహారు దసరాల కొబ్బరినీళ్ళూ మీట సందులోంచి కారి, పసుపుతో కలిసి, లోపల పాకమై ఎండిపోయాయి. "ఒక్కసారి కూడా పడలేదు" అని నేను మురిసిపోయిన మెయిన్, పడాలనుకున్నా పడలేని స్థితిలో ఉంది. రెండేళ్ళ కిందట మా ఇస్త్రీ పెట్టె వైరు మాడిపోయి గదంతా పొగ నిండితే, ప్లగ్గు చేత్తో పీకేసి, అదేదో చిన్న సంగతి అనుకున్నాను. ఆ రోజు నేను ఇంట్లో లేకపోయి ఉంటే?

జరిగింది చెప్పాను. లూయిస్ నన్ను తిడతాడనుకున్నాను. అతను విన్నాడో లేదో. ఆ రెండు చెక్కలూ చేతుల్లో పట్టుకుని వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు. దసరా రోజున ఎలక్ట్రీషియన్‌ని ఏ ఇంటివాళ్ళూ పిలవరు. పండగ తర్వాత మూత మూసే ఉంటుంది. అతనికి తెలిసే దారి ఎక్కడ?

"అక్కగారూ," అన్నాడు చివరికి, "దరియాలతిప్పలో కూడా ఇలాగే చేస్తారా?"

"ఎందుకు చేయరు?"

లూయిస్ లేచి పనిలో పడ్డాడు. ఏసీకి విడిగా లావుపాటి వైరు లాగి దాని మీట దానికి పెట్టాడు. పాత పెట్టె తీసేసి కొత్తది గోడకి బిగించి, మనిషికి షాకు తగిలితే వెంటనే సప్లై ఆపేసేది కూడా ఒకటి అందులో చేర్చాడు. లైన్‌మన్ సప్లై ఇచ్చాక ఒక్కో మీటా దింపి ఎత్తి చూశాడు. టక్, టక్. నేను కూడా నొక్కాను. కనకదుర్గ నొక్కింది. ఆ చప్పుడు అంత హాయిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. సాయంత్రం నాలుగింటికి ప్రసాద్ వచ్చి ఏసీ ఆన్ చేశాడు. పది నిమిషాలకి మా ఆవిడ పమిట భుజాల మీదుగా కప్పుకుని, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంది. నాకూ అలాగే ఉంది, చలికి కాదు.

లూయిస్ చేతులు కడుక్కుని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "అక్కగారూ, మీరోసారి చిట్టెమ్మగారింటికి రావాలండి. అడగాల్సింది ఒకటుంది. నా నోటంట రాదు."

అసలు ఆ తర్వాతి నెలలో అతను తను బిగించిన ఇళ్ళన్నీ ఒక్కొక్కటే తిరిగాడు. మా వీధిలోని పదకొండిళ్ళలో నాలుగిళ్ళ మెయిన్‌లు దిగలేదు. అన్నిచోట్లా అదే పాకం. ఏ ఇల్లూ కాలకముందే మార్చేశాడు. అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం ముగ్గురం ఆటో ఎక్కి దరియాలతిప్ప వెళ్ళాం. నాకు లోపల్లోపల భయం. చిట్టెమ్మ "మేం అలాంటివేమీ చెయ్యం" అంటే ఈ మనిషి ఇక లేవడు.

చిట్టెమ్మ వాకిట్లో వల మీద ఎండిన పరిగె చేపలు ఏరుతోంది. లూయిస్‌ని చూడగానే గబగబా లేచి, కాలిన చెయ్యి కొంగు కింద దాచుకుని, తల దించేసుకుంది. అదే, అతను చెప్పినట్టే. నాకే కష్టమనిపించింది.

కనకదుర్గ నాన్చలేదు. "వదినా, పాత ఇంట్లో దసరాకి మెయిన్ పెట్టెకి పూజ చేసేవారా?" అని అడిగేసింది.

చిట్టెమ్మ మొహం పాలిపోయింది. "ఎవరు సెప్పేరండి మీకు?"

"ఎవరూ చెప్పలేదు. చేసేవారా?"

ఆమె అక్కడే నేల మీద కూలబడిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు. "సేసేనండి. సెయ్యకూడనప్పుడు సేసేను. ఆ దసరానాడు పొద్దున్నే మా మావగారి తమ్ముడు పోయేడని ఫోనొచ్చింది. మైల కదండీ. అప్పటికే పసుపు తడిపేసుకున్నాను, కాయ తెచ్చుకున్నాను. పూజయ్యేదాకా ఎవరికీ సెప్పకూడదని ఫోను ఆపేసి, పూజ సేసేసేను. పది రోజులు తిరక్కండా అమ్మోరు ఇల్లు కాల్చేసింది. నా వల్లనే అంటే మా ఆయన ఊరుకుంటాడా? ఈ బాబు ఏ తప్పూ లేకండా మాట పడ్డాడు. ఆరేళ్ళయింది, ఈ బాబు మొకం సూడలేకపోతున్నానండి."

బజారులో ఆమె తల దించుకున్నది కోపంతో కాదు, సిగ్గుతో. వీళ్ళిద్దరూ ఒకరినొకరు తప్పించుకుని తిరిగింది ఇందుకా! ఆ క్షణంలో ఇద్దరి మీదా నాకు పట్టరాని కోపం వచ్చింది, ఇద్దరినీ కౌగిలించుకోవాలనీ అనిపించింది.

లూయిస్ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, మూత తెరిచి లోపల పెట్టేవారా పసుపు?"

"లోపలే బాబూ."

"కొబ్బరినీళ్ళు?"

"సిలకరించేవోళ్ళం. ఆ ఏడు కాయ పెద్దది. గ్లాసుడు నీళ్ళున్నాయి, అన్నీ పోసేసేను."

"మెయిన్ దింపితే దిగేదా అమ్మా?"

"యాడ దిగుద్ది? అంతకు ముందు శ్రావణంలోనే బిగిసిపోయింది. కొత్త ఫ్యాను తగిలించడానికి మా ఆయన దింపబోతే రాలేదు. పోనీలే, పడకండా ఉంటే మంచిదే కదాని ఊరుకున్నాం."

లూయిస్ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. మళ్ళీ కళ్ళు తెరిచి, ఆమె దాచుకున్న చేతిని మెల్లిగా బయటికి తీసి పట్టుకున్నాడు.

"అమ్మోరికి కోపం రాలేదమ్మా. కొబ్బరినీళ్ళు లోపల ఎండిపోయి మీట పట్టేసింది. అందుకే పడలేదు. మైలకీ దానికీ ఏ సంబంధం లేదు. మామూలు రోజున పోసినా అంతే."

చిట్టెమ్మ అతన్ని చూసింది. అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కనకదుర్గ పక్కన కూర్చుని, మా ఇంట్లో చీమలతో సహా ఏం బయటపడిందో మొత్తం చెప్పింది, నా చెప్పుల సంగతి కూడా వదలకుండా.

"అయితే అమ్మోరు కాదా?" అంది చిట్టెమ్మ.

"కాదమ్మా."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు."

ఆమె భోరుమంది. ఏడుస్తూనే అతని భుజం మీద చరిచింది. "ఆరేళ్ళ నుంచి ఒక్క మాటడిగితే నీ సొమ్మేం పోయింది బాబూ!"

"మీరు ఒక్క మాట తిడితే మీదేం పోయిందమ్మా!" అన్నాడు లూయిస్. అతనూ ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు కూడా. నేను అటు తిరిగి పరిగెలు చూస్తూ నిలబడ్డాను. నాకు ఇలాంటివి పడవు.

కాసేపటికి లూయిస్ లేచి, వాకిలి చివరికి వెళ్ళి స్టెల్లాకి ఫోను చేశాడు. "స్టెల్లా, నా పనిలో తప్పు లేదంట" అన్నాడు. అవతల ఆవిడ ఏం మాట్లాడిందో మాకు వినపడలేదు. చాలాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడి, చివరికి ముక్కు తుడుచుకుని, "వచ్చేత్తున్నాను. ఆకలేత్తంది. అన్నం పెట్టు" అన్నాడు.